పెళ్లి కుదిరితే మందు ఆపేస్తారా?

బీపీ మాత్రలు మన ఇళ్లలో టీవీ పక్కనే ఉంటాయి. అమ్మాయి వేసుకునే బైపోలార్ మాత్రలు మాత్రం బీరువాలో చీరల కింద ఉంటాయి. సంబంధం కుదిరితే అవి కూడా ఉండవు. "పెళ్లైతే అదే సర్దుకుంటుంది" అంటారు. సర్దుకోదండీ.

కొన్నాళ్లు నిద్ర లేకపోయినా తగ్గని హుషారు, కొన్నాళ్లు మంచం దిగలేనంత దిగులు. ఈ జబ్బు ఆడా మగా ఇద్దరికీ దాదాపు సమానంగానే వస్తుంది. కానీ ఆడవాళ్ల విషయంలో వయసు మారినప్పుడల్లా వైద్యం గురించి మళ్లీ కూర్చుని మాట్లాడుకోవాలని నా అభిప్రాయం.

ఇది మా వయసులోనే మొదలవ్వాలి. చాలామందికి ఈ జబ్బు పాతికేళ్లలోపే బయటపడుతుంది. దీనికి వాడే వాల్‌ప్రొయేట్ గర్భంలో ఉన్నప్పుడు వేసుకుంటే, 100 మంది పిల్లల్లో సుమారు 10 మందికి పుట్టుకతో అవయవ లోపాలు, 30 నుంచి 40 మందికి మెదడు ఎదుగుదలలో సమస్యలు రావచ్చు. ఈ సంగతి పందొమ్మిదేళ్లకే చెప్పాలి. గర్భం వచ్చాక చెప్పి ఏం లాభం?

అలాగని నెల తప్పగానే అన్ని మందులూ ఆపేస్తే ఇంకో ప్రమాదం. లిథియం హఠాత్తుగా మానేస్తే జబ్బు తిరగబెట్టే అవకాశం బాగా పెరుగుతుంది. దాన్ని కొనసాగిస్తే బిడ్డ గుండెకి కొద్దిపాటి రిస్క్ ఉంటుంది. ఏది మేలో డాక్టర్‌తో కలిసి ఆ అమ్మాయే తేల్చుకోవాలి, అదీ గర్భానికి ముందే.

అన్నిటికన్నా గడ్డుకాలం కాన్పు తర్వాత మొదటి వారాలు. బాలింతకి పథ్యం చూస్తాం, చెవుల్లో దూది పెడతాం. ఆమె నిద్ర ఎవరు చూస్తున్నారు? బైపోలార్ ఉన్న తల్లికి నిద్ర తప్పితే మేనియా రావచ్చు. రాత్రిపూట బిడ్డని అమ్మమ్మో, నాన్నో చూసుకుంటే అదీ వైద్యంలో భాగమే. బెంగళూరు నిమ్హాన్స్‌లో తల్లినీ బిడ్డనీ విడదీయకుండా చికిత్స చేసే వార్డు ఉంది. మన ప్రతి పెద్దాసుపత్రిలో ఎందుకు ఉండకూడదు?

నెలసరి ఆగిపోయే వయసులో మూడ్ తలకిందులైతే "వయసు అంతే" అని కొట్టిపారేస్తాం. అది జబ్బు తిరగబెట్టడం కావచ్చు. లిథియం ఏళ్లతరబడి వాడేవాళ్లకి థైరాయిడ్, కిడ్నీ పరీక్షలు తప్పవు. పెద్దవయసులో డోసు తగ్గించాల్సి రావచ్చు.

డోసు మార్చాల్సింది డాక్టర్. ముహూర్తం కాదు, అత్తగారు కాదు. ఎవరిని అడగాలో తెలియకపోతే 14416కి ఫోన్ చేయండి. ప్రభుత్వ టెలీ మానస్ లైన్, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. ముందు ఆ మాత్రల్ని చీరల కింద నుంచి బయటికి తీయండి.