సముద్రము దాటిన సొత్తు

ఇంట గొలుసు పోయినచో మనమేమి చేయుదుము? కంసాలి యిచ్చిన చీటిని, పెండ్లినాటి పటమును వెదకుదుము. ఆనవాలు చూపలేనిచో దొరకిన సొమ్మును సయితము మనదని యెవరొప్పుకొందురు? సొత్తు సముద్రము దాటినను న్యాయ మిదియే.

గుండ్లకమ్మ తీరమున చందవరమను గ్రామము కలదు. అచ్చటి బౌద్ధస్తూపమునకు చెందిన మూడవ శతాబ్దపు సున్నపురాతి శిల్పమొకటి దొంగలపాలయ్యెను. బుద్ధు నారాధించు భక్తులు దానిపై చెక్కబడియున్నారు. 2005వ సంవత్సరమున న్యూయార్కు వర్తకురాలు నాన్సీ వీనరు దానిని ఆస్ట్రేలియా జాతీయ కళాప్రదర్శనశాలకు విక్రయించినది. వెల 5,95,000 డాలర్లు! స్త్రీలకు వ్యాపారము తెలియదనువారు ఈ సంగతి వినవలెను.

తుదకు పట్టియిచ్చిన దేమి? ఆ శిల్పము చందవరమున నున్ననాటి ఛాయాపటము. సాంస్కృతిక సంపద దొంగరవాణిని గూర్చి 1970లో యునెస్కోవారు చేసిన యొడంబడికలో భారతదేశము 1977లోను, ఆస్ట్రేలియా 1989లోను చేరినవి. అందుచే ఒక ప్రభుత్వము అడుగుటకును, రెండవది విచారించి యిచ్చుటకును త్రోవ యేర్పడెను. 2016లో కాన్‌బెర్రాయందు మన మంత్రి మహేశ్ శర్మగారికి శిల్పము నప్పగించిరి. వీనరు 2021లో న్యూయార్కు న్యాయస్థానమున దొంగసరకు వ్యాపారమునుగూర్చి నేర మొప్పుకొనెను.

మన దివిసీమలోని ఘంటసాలయు బౌద్ధక్షేత్రమే. మీ పొలమున నాగటిచాలులో చెక్కడపురాయి తగిలినచో, దానిని చాకిరేవు బండగా వేయింపకుడు. ముందు పటము తీయించి, పిదప తహశీలుదారు కచేరికి కబురంపుడు.