అంగడికి వేరే కార్డు, తండలుకు సెలవు

జవళగిరి, తళి, డెంకణీకోట చుట్టుపక్కల అంగళ్ళు నడిపే అన్నలకు, అక్కలకు,

మనలో చాలామంది అంగళ్ళలో సరుకు తండలు అప్పుతో వచ్చిందే. 10,000 అని రాసుకుని చేతికి 9,000 ఇస్తారు. రోజుకు నూరు చొప్పున నూరు రోజులు కట్టాలి. పోయేది వెయ్యేగా అనిపిస్తుంది. కానీ అసలు రోజూ తరుగుతుంది కాబట్టి ఆ నూరు రోజుల్లో మన దగ్గర సగటున ఉండేది 4,500. దానిమీద వెయ్యి అంటే ఏడాదికి 81 శాతం వడ్డీ. తమిళనాడు ప్రభుత్వం 2003లోనే అధిక వడ్డీ నిషేధ చట్టంలో కందువడ్డీ, మీటరు వడ్డీ, దినవడ్డీలతో పాటు తండలునూ పేరుపెట్టి చేర్చింది. అయినా అది ఆగలేదు. లోడు దిగే పూట డబ్బిచ్చేవాడు ఇంకొకడు లేకపోవడమే కారణం.

అందుకే అడుగుతున్నాం. సరుకు కొనడానికి బ్యాంకు క్రెడిట్ కార్డు ఒకటి తీసుకోండి. దాన్ని అంగడికి మాత్రమే వాడండి. బిల్లు వచ్చినప్పుడల్లా మొత్తం కట్టేయండి.

ఈ కార్డులో లాభమంతా తేదీల్లో ఉంది. నెలనెలా 5న బిల్లు పడి, 25 లోపు కట్టాలనుకుందాం. జూన్ 6న దాణా మూటలు దించుకుంటే జూలై 25 దాకా, అంటే 49 రోజులు, వడ్డీ లేదు. అదే లోడు జూన్ 4న దించితే 21 రోజులే. పెద్ద కొనుగోలు బిల్లు పడిన మర్నాడు పెట్టుకోవాలి. ఆ తేదీ మన వ్యాపారానికి కుదరకపోతే కనీసం ఒకసారి మార్చుకునే హక్కు రిజర్వు బ్యాంకు 2024లో సవరించిన నిబంధనల్లో ఉంది. అడిగి మార్పించుకోండి.

కిరాణా, దాణా, టీ అంగడి సామాను లాంటివి ఆ గడువులోపే అమ్ముడవుతాయి, వాటికి కార్డు సరిపోతుంది. పంటకు మాత్రం వద్దు. రాయకోట మార్కెట్‌లో టమోటా ధర ఏ రోజు పడిపోతుందో చెప్పలేం. రాగి కోతకొచ్చే వేళ అడవి దాటి వచ్చే ఏనుగు మన బిల్లు తేదీ చూసుకుని రాదు. పంటకు 1998 నుంచీ కిసాన్ క్రెడిట్ కార్డు ఉంది. 3 లక్షల దాకా 7 శాతం వడ్డీ, గడువులో కడితే 3 శాతం తగ్గి 4 శాతమే పడుతుంది.

ఇక భయపడాల్సిన చోటు. 40,000 బిల్లు వచ్చింది, కనీస మొత్తం 2,000 కడితే చాలని దానిమీదే ఉంటుంది. అది కట్టి ఊపిరి పీల్చుకుంటాం. మిగిలిన 38,000 మీద నెలకు మూడున్నర శాతం లెక్కన 1,330, దానిమీద 18 శాతం జీఎస్టీ 239. మనం కట్టిన రెండు వేలలో అప్పు తీరింది 431 రూపాయలు. పైగా ఆ నెల కొత్తగా కొన్న సరుకుకు కూడా వడ్డీ లేని గడువు పోతుంది. మొత్తం కట్టలేనంత సరుకు కార్డుమీద ఎత్తకండి. ఏటీఎంలో కార్డు పెట్టి నగదు తీస్తే తీసిన రోజు నుంచే వడ్డీ, దానికి తోడు రుసుము. అది తండలుకు తమ్ముడే.

ఏ కార్డు? కొన్ని కార్డులు బెంగుళూరు ఎయిర్‌పోర్టు లాంజిలో ఇప్పించే ఉచిత కాఫీ మన దాణా అంగడికి ఎందుకు? ఏటా రుసుము లేని రూపే కార్డు చూడండి. 2022 సెప్టెంబరు నుంచి రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి కలుపుకోవచ్చు, స్వైప్ మిషను లేని హోల్‌సేల్ వ్యాపారికి కూడా క్యూఆర్ మీద చెల్లించవచ్చు. ఆయన కార్డుకు 2 శాతం ఎక్కువ అడిగితే ఒక్క క్షణం ఆగండి. 45 రోజులకు 2 శాతమంటే ఏడాదికి 16. బేరమాడండి, లేదా ఇంకో అంగడి చూడండి. ఇంతకుముందు బ్యాంకు అప్పు ఎరగనివాళ్ళు చిన్న ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసి దానిమీద కార్డు అడగండి. చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యం నమోదు చేయించుకోండి, దానికి ప్రభుత్వ రుసుము ఏమీ లేదు. ఆ నమోదున్న చిన్న వ్యాపారాలకు 5 లక్షల పరిమితి కార్డులు ఇస్తామని 2025 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. ఆ కార్డు ఎప్పుడిస్తారని బ్యాంకు మేనేజరును మనమే అడగాలి.

బ్యాంకులను అడగాల్సింది మరొకటి ఉంది. ఇక్కడ ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం, ఆఫీసులో తమిళం. కార్డు షరతుల కాగితం మాత్రం చిన్న అక్షరాల ఇంగ్లీషు. కార్డు వాడేవాళ్ళకు అర్థమయ్యే భాషలో షరతులు చెప్పాలన్నది రిజర్వు బ్యాంకు మాటే. వడ్డీ ఎంత, గడువు ఎప్పుడు, ఆలస్యానికి రుసుమెంత అన్న మూడు సంగతులైనా తెలుగులో రాసివ్వనిదే సంతకం పెట్టకండి. ఒక్కరు అడిగితే నవ్వి ఊరుకుంటారు, కాబట్టి పదిమంది కలిసి వెళ్ళండి. తర్వాత ఏదైనా తప్పు జరిగితే ముందు బ్యాంకుకే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్ళవచ్చు. ఫోను 14448, ఫిర్యాదుకు పైసా ఖర్చు లేదు.