పొంగే గోలీలు ఎండదెబ్బను ఆపయి



రూముల్ల తినేసోడ, నిమ్మ ఉప్పు, చక్కెర కలిపి గోలీలు చేస్తున్నరు. సైటు మీద నీళ్లల్ల ఏసుకొని "ఓఆర్ఎస్ లెక్కనే అన్నా" అంటున్నరు.

కాదు తమ్మీ! ఆ పొంగు వట్టి గ్యాసు. చెమటల పోయేది నీళ్లు, ఉప్పు. లీటరు మంచినీళ్లల్ల ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు కలుపుకో, గంతే.

ఏది తాగినా నీడకు సాటి రాదు. జూన్ నుంచి ఆగస్టు దాకా పగలు 12:30 నుంచి 3:30 వరకు ఎండల పని చేయించొద్దని ఒమాన్‌ల రూలే ఉన్నది.

పోయిన ఎండకాలం "ఇంకో పావుగంట చేయుండ్రి" అని నేనే అన్న. ఒక తమ్ముడు నా ముందే కూలబడ్డడు. తప్పు నాదే.

గోలీలు పక్కన పెట్టి, టైంకు పని ఆపుండ్రి. నాలాంటి సూపర్‌వైజర్ వద్దన్నా వినకుండ్రి.