మూడు నెలల షుగరు: అంకె ఒక్కటే చాలదు

షుగరు ఉందో లేదో తేల్చడానికి డాక్టర్లు ఇప్పుడు ఎక్కువగా చూస్తున్నది హెచ్‌బీఏ1సీ. జనం నోట్లో అది ‘మూడు నెలల షుగరు పరీక్ష’. పరగడుపున వెళ్లనక్కర్లేదు, ఒక్కసారి రక్తమిస్తే చాలు. 6.5 శాతాన్ని గీతగా పెట్టి జబ్బు నిర్ధారణకూ దీన్ని వాడొచ్చని 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. అయితే ఈ పరీక్ష కొలిచేది రక్తంలోని చక్కెరను కాదు, ఆ చక్కెర హిమోగ్లోబిన్ అనే ప్రొటీన్‌లో తెచ్చిన మార్పును. ఈ తేడా మరిస్తే కొందరికి లేని జబ్బు అంటగడతాం, కొందరిలో ఉన్న జబ్బును గుర్తించలేం. అంకె మీద అనుమానం వచ్చినప్పుడు ఆ ప్రొటీన్‌నే అణువుల బరువు తూచే మాస్ స్పెక్ట్రోమీటర్‌తో పరిశీలించే వీలు ప్రభుత్వ వైద్యంలో ఉండి తీరాలి.

హిమోగ్లోబిన్ బీటా గొలుసు కొసన వాలీన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది. రక్తంలోని గ్లూకోజు ఏ ఎంజైము సాయమూ లేకుండా దానికి అంటుకుని, సుమారు 120 రోజులు బతికే ఎర్రకణంతోనే పోతుంది. బీటా గొలుసు బరువు, అణువులను తూచే కొలతలో, 15,867 డాల్టన్లు. గ్లూకోజు అంటితే మరో 162 పెరుగుతుంది. ఇంత పెద్ద అణువులను చెదరకుండా తూచే మార్గాలు చూపినందుకే జాన్ ఫెన్, కోయిచి తనాకాలకు 2002లో నోబెల్ దక్కింది. హెచ్‌బీఏ1సీకి అంతర్జాతీయంగా ఖరారైన ప్రామాణిక పద్ధతిలోనూ మాస్ స్పెక్ట్రోమెట్రీ ఉంది. బీటా గొలుసు కొసన ఆరు అమైనో ఆమ్లాల ముక్కను కోసి, గ్లూకోజు అంటినవెన్నో అంటనివెన్నో లెక్కగడతారు.

చిక్కంతా ఆ 120 రోజుల దగ్గరే వస్తోంది. సికిల్ సెల్ జబ్బులో ఎర్రకణాలు తొందరగా చితికిపోతాయి. గ్లూకోజు అంటుకునే వ్యవధి ఉండదు కాబట్టి షుగరు ఎక్కువున్నా అంకె తక్కువగా వస్తుంది. ఒక్క సికిల్ జన్యువే ఉండి జబ్బు లేనివారిలోనూ, అదే గ్లూకోజుకు అంకె తక్కువగా వస్తోందని అమెరికాలోని ఆఫ్రికన్ అమెరికన్లపై 2017లో వెలువడిన అధ్యయనం చూపింది. ఇనుము లోపంతో వచ్చే రక్తహీనతలో తరచూ దీనికి తలకిందులు, అంకె పైకి పోతుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 ప్రకారం మన దేశంలో 15-49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. పాడేరు, ఉట్నూరు ఏజెన్సీల్లో సికిల్ జన్యువు తరతరాలుగా ఉంది. 10.1 కోట్ల మంది షుగరు రోగులున్నారని 2023లో ఐసీఎంఆర్ సర్వే లెక్కగట్టిన దేశంలో ఈ అంకెను కళ్లు మూసుకుని నమ్మడం తప్పు. సికిల్‌లో ఒక గ్లుటామిక్ ఆమ్లం స్థానంలో వాలీన్ చేరి గొలుసు బరువు 30 డాల్టన్లు తగ్గుతుంది. మాస్ స్పెక్ట్రోమీటర్ తెర మీద 15,867 పక్కన 15,837 దగ్గర ఇంకో గీత నిటారుగా లేస్తుంది. యాంటీబాడీలతో పనిచేసే చిన్న యంత్రాలు ఆ సంగతి చెప్పలేవు.

కోట్ల రూపాయల యంత్రం పేదదేశానికి ఎందుకని అడగొచ్చు. ప్రతి ఆస్పత్రిలో పెట్టమనడం లేదు. ఇంగ్లండులో కొన్ని ల్యాబులు పసిపిల్లల మడమ నుంచి తీసి కాగితం మీద ఆరబెట్టిన రక్తపు చుక్కతోనే సికిల్‌ను మాస్ స్పెక్ట్రోమెట్రీతో పట్టుకుంటున్నాయి. అలాంటి కాగితం పాడేరు నుంచి పోస్టులోనూ రాగలదు. హిమోగ్లోబిన్ రకాలను వేరుచేసి చూపే హెచ్‌పీఎల్‌సీ యంత్రాలు చాలవా అన్నది ఇంకో ప్రశ్న. చాలావరకు చాలు, అందుకే అనుమానం మిగిలినవాటికే ఇది కావాలంటున్నాను. హిమోగ్లోబిన్-ఇ లాంటి రకాల్లో తేడా ఒక్క డాల్టనే, మొత్తం గొలుసును తూస్తే అది దొరకదు, ముక్కలుగా కోసి చూడాలి. అన్నింటికన్నా బలమైన అభ్యంతరం వేరే ఉంది: రకం తెలిసినంత మాత్రాన కణం ఆయుష్షు పెరగదు, అంకె సరికాదు. నిజమే. కానీ ఆ అంకెను పక్కన పెట్టాలని డాక్టరుకు తెలుస్తుంది. అప్పుడు పరగడుపు పరీక్ష, గ్లూకోజు తాగించి చేసే పరీక్ష, రెండు మూడు వారాల షుగరు చెప్పే ఫ్రక్టోజమీన్ ఎలాగూ ఉన్నాయి.

ఏడు కోట్ల మందికి పరీక్షలు చేయాలన్న లక్ష్యంతో 2023లో జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలైంది. ప్రొటీన్లను తూచే నైపుణ్యం హైదరాబాదు సీసీఎంబీలో ఉంది. ఈ రెంటినీ షుగరు క్లినిక్కులతో కలపడం రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్య శాఖలు తలచుకుంటే అయ్యే పని. ఈలోగా, ఇంట్లో వేలు గుచ్చి చూసుకునే షుగరుకూ మీ మూడు నెలల అంకెకూ పొంతన కుదరకపోతే, మందులు మార్చుకునే ముందు రక్తహీనత, హిమోగ్లోబిన్ రకం చూశారా అని మీ డాక్టరుని అడగండి.