ఆదా అయిందెంత?

మా బేర్ సరాయ్ టీ కొట్టు దగ్గర సివిల్స్‌కి చదివే మన కుర్రాడొకడు అన్నాడు: "అమెరికాలో ప్రభుత్వాన్ని మూసేస్తే బోలెడు ఖర్చు ఆదా అవుతుంది కదా అంకుల్!" రక్షణశాఖ పద్దులు రాసి రిటైరైన వాణ్ణి, లెక్క చూడకుండా ఊరుకోలేను.

2018 డిసెంబర్ 22 నుంచి 35 రోజులు అక్కడ ప్రభుత్వం పాక్షికంగా మూతబడింది. సుమారు 8 లక్షల ఉద్యోగులకి జీతాలు ఆగాయి. వాళ్ళలో దాదాపు సగం మంది ఇంట్లోనే ఉన్నారు. తర్వాత బకాయిలు అందరికీ ఇచ్చారు. అంటే, చెయ్యని పనికీ జీతమే. ఇక ఆదా ఎక్కడ? అక్కడి కాంగ్రెస్ బడ్జెట్ కార్యాలయం అంచనాలో ఉత్పత్తి నష్టం 1100 కోట్ల డాలర్లు. అందులో 300 కోట్లు ఇక తిరిగిరావు. కాంట్రాక్టు మీద ఆఫీసులు ఊడ్చేవాళ్ళకి ఆ బకాయిల హామీ లేదు. అయినా 2025లో మళ్ళీ 43 రోజులు మూశారు.

మనకి రాజ్యాంగం 116వ అధికరణం కింద ఓటాన్ అకౌంట్ ఉంది కనుక బడ్జెట్ ఆలస్యమైనా ఖర్చులకి డబ్బు దొరుకుతుంది. మన ఆఫీసులు వేరే దారిలో మూతబడ్డాయి. 2011లో సకల జనుల సమ్మె 42 రోజులు, 2013లో సమైక్యాంధ్ర ఉద్యోగుల సమ్మె 66 రోజులు. డిమాండ్లు పూర్తిగా వ్యతిరేకం. నష్టపోయేది మాత్రం ఎప్పుడూ ఒకరే: సర్టిఫికెట్ అందని విద్యార్థి, బస్సు దొరకని రోగి, ఆఫీసు గేటు దగ్గర టీ అమ్ముకునేవాడు. వీళ్ళకి బకాయిలు ఎవరూ ఇవ్వరు.

ఏ డిమాండ్ న్యాయమో నేను తేల్చడం లేదు. కానీ "అంతా ప్రజల కోసమే" అన్న మాటని లెక్క అడక్కుండా నమ్మితే, అదీ మూఢనమ్మకమే.