అమెరికా బీదలూ, మనవాళ్ళ తీర్పులూ

"ఈ దేశంలో ఒళ్ళు వంచి పని చేసేవాడికి తిండికీ, గూటికీ లోటుండదండీ. రోడ్డు మీద పడ్డాడంటే వాడు తాగుబోతో, డ్రగ్స్ కేసో, లేకపోతే ఒట్టి సోమరిపోతో అయ్యుండాలి."

ఈ మాట వినని తెలుగువాడు అమెరికాలో ఉండడేమో. పాట్‌లక్కుల్లో, పిల్లల పుట్టినరోజు పార్టీల్లో, గుడి పార్కింగు లాట్లో, ఒక చేత్తో బిర్యానీ ప్లేటు పట్టుకుని ఎవరో ఒకరు ఈ తీర్పు చెప్తారు. చుట్టూ ఉన్న నలుగురూ తలలూపుతారు. కాస్త ఆవేశపరుడైతే "మన టాక్సులతో వీళ్ళని మేపుతున్నారు" అని కొసరు కూడా వేస్తాడు. హైదరాబాదులో కూర్చుని నైట్ షిఫ్టులో కాలిఫోర్నియా క్లయింటుకి సపోర్టు ఇచ్చేవాళ్ళు కూడా శాన్‌ఫ్రాన్సిస్కో వీధుల వీడియోలు రెండు చూసేసి ఇదే పాట.

నాకు దీనిమీద చాలా రోజుల్నించీ ఒళ్ళు మండుతోంది. ఇవాళ కక్కేస్తా.

ముందు మన వృత్తిధర్మం ప్రకారం మాట్లాడుకుందాం. మీ అప్లికేషన్‌లో ఒకడికి ఎర్రర్ వచ్చిందంటే యూజర్ తప్పేమో అని అనుమానించొచ్చు. ఏడు లక్షల డెబ్భై వేల మందికి అదే ఎర్రర్ వస్తే? "యూజర్లందరూ సోమరులు" అని రాసి టికెట్ మూసేస్తే మీ మేనేజరు ఊరుకుంటాడా? 2024 జనవరిలో ఒక రాత్రి లెక్క తీస్తే అమెరికాలో ఇల్లు లేనివాళ్ళు 7,71,480 మంది. ఇది ప్రభుత్వ గృహనిర్మాణ శాఖ లెక్కే. 2007లో ఈ లెక్కలు మొదలెట్టాక అప్పటిదాకా అంత పెద్ద అంకె రాలేదు. అందులో లక్షన్నర మంది దాకా పిల్లలు. అంతకు ముందు ఏడాది మీద 18 శాతం, అంటే లక్షా పద్దెనిమిది వేల మంది ఎక్కువ. ఈ పెరుగుదలలో వలస వచ్చినవాళ్ళూ, మావీ దీవిలో కార్చిచ్చుకి ఇళ్ళు పోయినవాళ్ళూ కూడా ఉన్నారు, కాదనను. కానీ సోమరితనం అంటురోగం అయితే తప్ప, ఒక్క ఏడాదిలో లక్ష మందికి సోకదు కదా!

అసలు వీళ్ళు పని చెయ్యరని ఎవరు చెప్పారు? షికాగో యూనివర్సిటీ వాళ్ళు 2010 సెన్సస్ లెక్కల్నీ, టాక్సు రికార్డుల్నీ కలిపి చూసి 2021లో ఒక పేపరు వేశారు. షెల్టర్లలో ఉన్న 65 ఏళ్ళ లోపు వాళ్ళలో సగం మందికి పైగా, వీధుల్లో పడుకునేవాళ్ళలో 40 శాతం మంది, ఆ ఏడాది ఎంతో కొంత జీతం తీసుకున్నవాళ్ళేనట. అదీ రికార్డుకెక్కిన జీతం. చేతికిచ్చే కూలి డబ్బులు అందులో లేనే లేవు. మీ ఆఫీసు కెఫెటేరియాలో గిన్నెలు కడిగేవాడు రాత్రి కార్లో పడుకుంటున్నాడేమో మీకేం తెలుసు? ఎప్పుడన్నా అడిగారా?

సరే, లెక్కే వేద్దాం. ఫెడరల్ కనీస వేతనం గంటకి 7.25 డాలర్లు. 2009 జులై నించీ ఒక్క సెంటు కదల్లేదు. (మీ జీతం 2009 నించీ కదలకపోతే ఈపాటికి ఎన్ని కంపెనీలు మారుండేవారు?) వారానికి 40 గంటలు, ఏడాది పొడుగునా ఒక్క నాగా లేకుండా పని చేస్తే వచ్చేది 15,080 డాలర్లు. మనవాళ్ళు ఎగబడి ఇళ్ళు కొంటున్న టెక్సాస్, జార్జియా, నార్త్ కరోలినాల్లో చట్టం ఇమ్మనేది ఇంతే. నిజంగా ఆ రేటుకి చేసేవాళ్ళు ఇప్పుడు తక్కువే, ఒప్పుకుంటా. పోనీ కాలిఫోర్నియా తీసుకోండి. 2025లో గంటకి 16.50. నెలకి 2,860 డాలర్లు, టాక్సులు పట్టుకోకముందు. శాన్‌హోసేలో సింగిల్ బెడ్‌రూం అద్దె రెండున్నర వేల చుట్టుపక్కల. పైగా అద్దెకి మూడు రెట్లు జీతం చూపించమంటారు. అంటే 7,500. ఇద్దరు మనుషులు ఫుల్‌టైం చేసినా అప్లికేషన్ రిజెక్టు! ఇక ఒళ్ళు ఎన్ని వంకర్లు తిరిగేలా వంచమంటారు?

ఇదేదో నాలుగైదు ఊళ్ళ గొడవ కూడా కాదు. హార్వర్డ్ గృహ అధ్యయన కేంద్రం లెక్క ప్రకారం 2022లో అద్దెకుండే అమెరికన్ కుటుంబాల్లో సగం, 2.24 కోట్ల కుటుంబాలు, ఆదాయంలో 30 శాతానికి మించి అద్దెకీ, కరెంటుకీ పెడుతున్నాయి. వాటిలో 1.21 కోట్ల కుటుంబాలకి సగానికి సగం దానికే పోతోంది. అలాంటి ఇంట్లో కారు ట్రాన్స్‌మిషన్ పోయిందనుకోండి. రిపేరుకి డబ్బుల్లేవు, కారు లేకపోతే ఆ ఊళ్ళో ఉద్యోగానికి వెళ్ళే దారి లేదు, ఉద్యోగం పోతే అద్దె లేదు, అద్దె కట్టకపోతే కోర్టు నోటీసు, ఒకసారి కోర్టు రికార్డులోకి ఎక్కితే ఇంకెవడూ ఇల్లివ్వడు. ఇదంతా మూడు నెలల్లో అయిపోతుంది. ఫెడరల్ రిజర్వ్ 2023 సర్వేలో, అనుకోకుండా 400 డాలర్ల ఖర్చు వచ్చిపడితే చేతిలో ఉన్న డబ్బుతో కట్టలేమన్నవాళ్ళు నూటికి 37 మంది. మనకది ఒక వీకెండు కాస్ట్‌కో బిల్లు.

"మరి డ్రగ్స్?" అంటారు. అక్కడికే వస్తున్నా.

సంక్రాంతి ముందురోజు సికింద్రాబాద్ స్టేషన్లో విశాఖ వైపు వెళ్ళే రైలు జనరల్ పెట్టె తలుచుకోండి. వంద మంది పట్టే పెట్టెకి మూడొందల మంది. కండ ఉన్నవాడు కిటికీలోంచి దూకి సీటు పట్టేస్తాడు. నలుగురు స్నేహితులున్నవాడు తువ్వాలు వేయించుకుంటాడు. ప్లాట్‌ఫారం మీద మిగిలిపోయేది ఎవరు? కాలు కుంటివాడు, ముసలమ్మ, చంకలో పిల్లాడున్న ఒంటరి తల్లి, కాస్త తాగి ఉన్నవాడు. రైలు వెళ్ళిపోయాక మనం వచ్చి, మిగిలినవాళ్ళని పరీక్షించి, "చూశారా, వీళ్ళందరిలోనూ ఏదో ఒక లోపం ఉంది, అందుకే రైలు తప్పింది" అని రిపోర్టు రాస్తాం. అయ్యా, పెట్టెలు ఇంకో నాలుగు తగిలిస్తే ఆ కుంటివాడూ, ఆ తాగుబోతూ కూడా పండక్కి ఇంటికి చేరేవాళ్ళు కదా! ఎవరు మిగిలిపోతారో చెప్పేది వాళ్ళ లోపం. ఎంతమంది మిగిలిపోతారో చెప్పేది సీట్ల లెక్క.

నమ్మకం కుదరకపోతే రాష్ట్రాలు పోల్చి చూడండి. డ్రగ్స్ ఓవర్‌డోసు చావుల్లో ఏళ్ళ తరబడి మొదటి స్థానంలో ఉన్నది వెస్ట్ వర్జీనియా. 2024 లెక్కలో అక్కడ ఇల్లు లేనివాళ్ళు పదివేల జనాభాకి పది మంది దాకా. డబ్బులు మూలుగుతున్న కాలిఫోర్నియాలో 48. పోనీ పేదరికమే కారణం అందామా? దేశంలోకెల్లా పేద రాష్ట్రాల్లో ఒకటైన మిసిసిపీలో పదివేలకి నలుగురు కూడా లేరు. మత్తు, పిచ్చి, పేదరికం అన్ని చోట్లా ఉన్నాయి. అద్దెలు ఆకాశంలో ఉన్నచోట మాత్రం అవి మనిషిని రోడ్డున పడేస్తున్నాయి. అద్దె తక్కువున్న చోట అదే తాగుబోతు ఓ పాత ట్రెయిలర్ ఇంట్లో తలుపేసుకుని తాగుతాడు. మనకి కనపడడు, అంతే తేడా.

"ఎండలు బాగుంటాయని అందరూ కాలిఫోర్నియాకి వచ్చి పడతారు" అనేది ఇంకో వాదన. శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ వాళ్ళు రాష్ట్రమంతా తిరిగి మూడు వేల మందికి పైగా ఇల్లు లేనివాళ్ళని అడిగి 2023లో రిపోర్టు వేశారు. నూటికి 90 మంది చివరి ఇల్లు పోగొట్టుకున్నది కాలిఫోర్నియాలోనే. రోడ్డున పడకముందు ఆరు నెలల్లో వాళ్ళ కుటుంబ ఆదాయం మధ్యస్థంగా నెలకి 960 డాలర్లు. నెలకి మూడు నించి ఐదొందల డాలర్ల సాయం అందుంటే ఇల్లు నిలబెట్టుకునేవాళ్ళమని ఎక్కువ మంది చెప్పారు. మనలో కొందరి కారు లోను అంతకంటే ఎక్కువ.

"ఎంత పోసినా బూడిదలో పోసిన పన్నీరే" అనేవాళ్ళ మాటలో కొంత నిజం ఉంది. కాలిఫోర్నియా ఐదేళ్ళలో 2,400 కోట్ల డాలర్లు ఖర్చు పెట్టి, ఫలితాలు సరిగ్గా లెక్కగట్టలేదని 2024లో ఆ రాష్ట్ర ఆడిటరే తలంటాడు. కానీ హ్యూస్టన్ చూడండి. మనవాళ్ళు కుప్పలుగా ఉన్న ఊరే. "ముందు ఇల్లు, తర్వాతే షరతులు" అన్న పద్ధతిలో సంస్థలన్నీ ఒక్క తాటి మీదకి వచ్చి 2011 తర్వాత ఇల్లు లేనివాళ్ళని 60 శాతానికి పైగా తగ్గించాయి. అక్కడ జోనింగ్ గోల లేదు కాబట్టి ఇళ్ళు కట్టటం సులువు. మాజీ సైనికులకి అద్దె వోచర్లూ, వైద్యమూ కలిపి ఇస్తే 2010 నించి 2024 లోపు వాళ్ళలో ఇల్లు లేనివాళ్ళు సగానికి పైగా తగ్గారు. ఆ సైనికుల్లో తాగేవాళ్ళు లేరా? ఉన్నారు. ఇల్లిస్తే ఇంట్లో ఉన్నారు.

ఇక "మన టాక్సులతో మేపటం" సంగతి. అద్దె సాయానికి అర్హత ఉన్న పేద కుటుంబాలు నాలుగుంటే, ఫెడరల్ సాయం అందేది ఒక్కదానికి. మిగతా మూడూ ఏళ్ళ తరబడి వెయిటింగ్ లిస్టులో. అదే మీరు ఏడున్నర లక్షల డాలర్ల లోను తీసుకుని ఇల్లు కొన్నారనుకోండి, దాని వడ్డీని టాక్సు రిటర్నులో తగ్గించి చూపించుకునే వీలుంది. దానికి క్యూ లేదు, లాటరీ లేదు, యూరిన్ టెస్టు లేదు. ఇది మేపటం కాదూ? పెద్ద ఇల్లున్నవాడికి ఇస్తే ఇన్సెంటివ్, ఇల్లు లేనివాడికి ఇస్తే ముష్టి!

మన ఫీల్డు చేతులు కూడా శుభ్రంగా ఏం లేవు. అద్దె ఎంత పెట్టాలో ఓనర్లకి సూచించే సాఫ్ట్‌వేర్ కంపెనీ ఒకటుంది, రియల్‌పేజ్ అని. టెక్సాస్‌ది, మన హైదరాబాదులో కూడా ఆఫీసుంది. పోటీ పడాల్సిన ఓనర్ల రహస్య వివరాలన్నీ ఒకచోట పోగేసి అందరికీ రేట్లు చెప్తే అది కుమ్మక్కే అని 2024 ఆగస్టులో అమెరికా న్యాయశాఖ కేసు వేసింది. తప్పేం చెయ్యలేదని వాదించిన కంపెనీ, 2025 నవంబర్లో తప్పు ఒప్పుకోకుండానే న్యాయశాఖతో రాజీకొచ్చింది. అక్కడ కోడు రాసే కుర్రాణ్ణి నేనేం అనను. జీతం కోసం ఎవరైనా రాస్తారు. కానీ ఇలాంటివి కూడా అద్దెలు పెంచుతున్నాయని వినిపిస్తున్నప్పుడు, "సోమరితనం" అనే ముందు నాలుక కరుచుకోవాలి కదా.

అన్నిటికన్నా నన్ను మండించేది ఇది. 2024 జూన్‌లో సుప్రీంకోర్టు గ్రాంట్స్ పాస్ కేసులో 6-3తో తీర్పిచ్చింది: షెల్టర్లో చోటు లేకపోయినా సరే, బయట పడుకున్నందుకు శిక్ష వెయ్యొచ్చని. ఆ ఊళ్ళో జరిమానా 295 డాలర్ల నించి మొదలు. ఇల్లు లేనివాడికి జరిమానా! ఆ దారిలోనే ఊళ్ళన్నీ నిషేధాలు పెట్టాయి. మన తెలుగువాళ్ళు వేలల్లో ఉండే ఫ్రీమాంట్ 2025 ఫిబ్రవరిలో గుడారాలు నిషేధించి, వాళ్ళకి తోడ్పడినవాళ్ళని కూడా శిక్షించేలా ఓ ముక్క చేర్చింది. గగ్గోలు పుట్టాక మార్చిలో ఆ ముక్క తీసేశారు, నిషేధం మాత్రం ఉంది. ఇలాంటి ఊళ్ళలో మనవాళ్ళేం చేస్తుంటారు? గుళ్ళో అన్నదానానికి చెక్కు రాస్తారు. పక్క వీధిలో అపార్ట్‌మెంట్లు వస్తున్నాయంటే మాత్రం "ట్రాఫిక్ పెరుగుతుంది, స్కూలు రేటింగు పడిపోతుంది, ఇంటి విలువ తగ్గుతుంది" అని పిటిషన్ మీద మొదటి సంతకం పెడతారు. రైలుకి ఇంకో పెట్టె తగిలించనివ్వరు, ప్లాట్‌ఫారం మీద మిగిలినవాడికి పులిహోర పొట్లం ఇస్తారు.

మనం రోడ్డున పడకపోవటానికి కారణం మన కష్టం ఒక్కటే అనుకుంటున్నారా? హెచ్-వన్ మీద ఉద్యోగం పోతే చేతిలో ఉండేది 60 రోజులు. ఆ 60 రోజుల్లో మన గుండె ఎలా కొట్టుకుంటుందో అందరికీ తెలుసు. అయినా మనకి రూమ్మేట్లున్నారు. న్యూజెర్సీలో బావగారు "మా బేస్‌మెంట్లో ఉండు రా" అంటాడు. ఏదీ కుదరకపోతే శంషాబాద్‌కి టికెట్ ఉంది, అమ్మ చేతి వంట ఉంది. ఊళ్ళో అందరూ నవ్వుతారేమో గానీ నెత్తిన కప్పుంటుంది. వాల్‌మార్ట్‌లో రాత్రి షిఫ్టు చేసే అమెరికన్‌కి వెనక్కి వెళ్ళటానికి ఇంకో దేశం లేదు. పడితే ఇక్కడే పడాలి.

కాబట్టి బాబ్బాబు, ఇంకోసారి ప్లేటు పట్టుకుని తీర్పు చెప్పేముందు ఆ ఊళ్ళో అద్దె ఎంతో, ఆ మనిషి గంట జీతం ఎంతో గుణించి చూడండి. సిటిజన్‌షిప్ వచ్చినవాళ్ళు, సిటీ కౌన్సిల్ ఎన్నికల్లో ఓటు వేసేటప్పుడు ఇళ్ళు కట్టనిచ్చేవాడెవడో చూసి వెయ్యండి. ఇల్లున్నవాళ్ళు, పక్క స్థలంలో నాలుగంతస్తులు లేస్తుంటే ఆ పిటిషన్ మీద సంతకం పెట్టకండి. ఈ రెండూ చేతకాకపోతే కనీసం నోరు మూసుకోండి. రోడ్డున పడ్డవాడికి మన ఉపన్యాసం కూడా భరించాల్సిన ఖర్మేం పట్టలేదు.