వెండితెరపై నిరుద్యోగి

తెలుగు చలనచిత్రములను పౌరాణికములు, జానపదములు, సాంఘికములు అని విభజించుట తొలినాళ్లనుండి వచ్చుచున్న సంప్రదాయము. వేషభాషలను బట్టి యేర్పడిన యీ విభాగము కథ యే యుగమునకు చెందినదో తెలుపును గాని, దానిని చూచుటకు టిక్కెట్టు కొన్న యువకుని మనస్సులో నేమి యున్నదో తెలుపజాలదు. అది తెలియవలెనన్న, చదువు ముగించి ఉద్యోగమునకై తిరుగు యువకుడను నొక్క పాత్రను పట్టుకొని, ఆయా కాలములలో దానికి ఏ తరహా చిత్రమున చోటు దొరకెనో పరిశీలించుట ఉచితము.

1939లో వాహినీ సంస్థ తన ప్రథమ చిత్రమైన ‘వందేమాతరం’లో, బి.ఎన్. రెడ్డి దర్శకత్వమున, నిరుద్యోగమును గంభీరమైన సాంఘిక సమస్యగా ప్రదర్శించెను. 1955లో విజయా వారి ‘మిస్సమ్మ’ నాటికి అదే సమస్య హాస్యమునకు వస్తువయ్యెను. దంపతులకు మాత్రమే దొరకు ఉపాధ్యాయ పదవులకై, ఒక హిందూ యువకుడును, ఇంటి అప్పు తీర్చవలసిన యొక క్రైస్తవ యువతియు అందు భార్యాభర్తలుగా నటింతురు. స్వాతంత్ర్యము సిద్ధించి, పంచవర్ష ప్రణాళికలు మొదలై, నేడు లేని కొలువు రేపు తప్పక వచ్చునని నమ్మిన సమాజము మాత్రమే తన లేమిని చూచి అంత హాయిగా నవ్వగలదు.

ఆ నమ్మకము సడలిన పిదప నవ్వు చేదెక్కెను. 1981లో కె. బాలచందర్ తీసిన ‘ఆకలి రాజ్యం’లో, కమల్ హాసన్ ధరించిన రంగా పాత్ర శ్రీశ్రీ కవితలను వల్లించుచు ఢిల్లీ వీథులలో తిరిగి తిరిగి, తుదకు క్షురకవృత్తి నవలంబించును. ఎనిమిదేండ్లకు వచ్చిన రామ్ గోపాల్ వర్మ ‘శివ’లో ఉద్యోగ ప్రసక్తియే లేదు, కళాశాల ఎన్నికలు, వాటి వెనుక నొక రౌడీ, వాని వెనుక నొక రాజకీయ నాయకుడు, ఇదియే కథ. యువకుని చేతినుండి దరఖాస్తు జారి, ఆ చేతికి ఆయుధముగా సైకిల్ చైను చేరెను.

1998లో హైదరాబాదున హైటెక్ సిటీ వెలసి, ఇంజనీరింగు పట్టా మధ్యతరగతి గృహములకు పరమాశయమైన మీదట, శేఖర్ కమ్ముల 2007లో ‘హ్యాపీ డేస్’ తీసి, నాలుగేండ్ల కళాశాలా జీవితమునే కథగా గ్రహించెను. అందలి విద్యార్థులకు ప్రేమయు స్నేహమును చింతలైనంతగా బ్రతుకుతెరువు చింత కాదు.

అయినను చిత్రములన్నియు సమాజమునకు సాక్ష్యములని యెంచరాదు. ఒకటి నెగ్గినంతనే దాని యచ్చున పది వచ్చుట వ్యాపారధర్మము. కావున ఒక తరహా పుట్టుకను సమాజమునకును, దాని పునరుక్తిని వ్యాపారమునకును ఆపాదించుట న్యాయము. ఆ వ్యాపారము ప్రేక్షకులను బట్టి నడచును: 1995లో ఈటీవీ, జెమిని వంటి ఛానెళ్లు వచ్చి, సీరియళ్లు గృహిణులను ఇంటనే నిలిపినకొలది, సినిమాహాలు మరింతగా యువకుల సొత్తయ్యెను. అయితే తెరపై స్త్రీ స్థానము అంతకు మునుపే కుదించుకొనిపోయెను: ‘మిస్సమ్మ’లో ఉద్యోగాన్వేషణమున సమభాగిని యైన యువతి, ‘శివ’ నాటికే కథానాయకుని ప్రేయసిగానో భార్యగానో మిగిలెను.

తెర చూపినదానితో బాటు చూపక విడిచినదానిని గూడ గణించినపుడే సమాజ చిత్రము పూర్ణమగును. పట్టా పుచ్చుకొని నేడును కొలువు కొరకు వేచియున్న యువతికి ప్రధానపాత్ర నిచ్చు కథను వ్రాయుట మన రచయితల తక్షణ కర్తవ్యము.